ఎకరన్నర ఎక్కడ తప్పిపోయింది?

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో, మనూర్ మండలంలో, మంజీర పక్కన ఉన్న ఊరు బోరంచ. ఆ ఊళ్ళో ఎవరినైనా మీకు భూమి ఎంతుంది అనడిగితే ఎకరాల్లో, గుంటల్లో చెబుతారు. నలభై గుంటలు ఒక ఎకరం. ఒక గుంటకు 121 చదరపు గజాలు. తెలంగాణ అంతటా ఇదే లెక్క. కృష్ణా, గుంటూరు వైపు వెళితే సెంట్లు మొదలవుతాయి. అక్కడ వంద సెంట్లు ఒక ఎకరం. పహాణీలో, పట్టా పాసు పుస్తకంలో ‘1.20’ అని ఉంటే బోరంచ రైతు దాన్ని ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరన్నర అని చదువుకుంటాడు. అదే అంకెను గుంటూరు రైతుకు చూపిస్తే ఎకరం ఇరవై సెంట్లంటాడు. కంప్యూటర్ కూడా గుంటూరు రైతు లాగే చదువుతుంది, ఎందుకంటే దానికి చుక్క అంటే దశాంశమే. ఎకరం ఇరవై సెంట్లను మన గుంటల్లోకి మారిస్తే ఎకరం ఎనిమిది గుంటలు. ఒక్క చుక్కను రెండు రకాలుగా చదివినందుకు పన్నెండు గుంటల తేడా వచ్చింది. గెట్టు దగ్గర ఒక్క గుంట కోసం అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా ఉండే చోట పన్నెండు గుంటలు చిన్న విషయం కాదు.

ఈ చుక్కను దృష్టిలో ఉంచుకుని ఒక ఊహాచిత్రం గీసుకుందాం. ఒక మండల కార్యాలయంలో సర్వేయర్ ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలో రాసుకునే ఉమ్మడి క్యాలెండరు ఉందనుకోండి. తహసీల్దార్, ఆపరేటర్, సర్వేయర్ ముగ్గురూ దాన్ని తెరవగలరు. మామూలు క్యాలెండర్‌లో ప్రధానంగా ఉండేవి విషయం, చోటు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం. కొలతకు అవి చాలవు. సర్వే నంబరు, విస్తీర్ణం, దరఖాస్తు తేదీ, చుట్టుపక్కల పట్టాదార్లకు నోటీసు అందిందో లేదో, ఇవన్నీ కావాలి. అందుకని కంప్యూటర్ తెలిసిన వాళ్ళెవరో మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్‌లో ఒక ప్రత్యేక ఫారం తయారుచేశారు. దాని వెనుక నాలుగు పంక్తుల స్క్రిప్ట్ కూడా రాశారు. అది విస్తీర్ణాలను కూడుతుంది, నోటీసు గడి ఖాళీగా ఉంటే సేవ్ కానివ్వదు, దరఖాస్తు తేదీకి రోజులు కలిపి గడువు చూపిస్తుంది. మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలలో నోటీసు అందకుండానే కొలత తేదీ పడింది. ఫారం పాడైంది అని అందరూ అన్నారు. ఇలాంటి సందర్భంలో ఎవరైనా చేసే మొదటి పని స్క్రిప్ట్ తెరిచి తప్పు కోసం వెతకడం. నా వాదన ఏమిటంటే, వెతకడం అక్కడ మొదలుపెట్టకూడదు. ఉమ్మడి క్యాలెండర్‌లో తప్పు ఎక్కువసార్లు నియమం రాసిన తీరులో దొరకదు, ఆ నియమం కాపురం ఉన్న చోట దొరుకుతుంది.

ఎందుకో తెలియాలంటే ఇలాంటి ఫారం ఎలా పనిచేస్తుందో చూడాలి. 1997లో వచ్చిన ఔట్‌లుక్ నుంచే ఇలా సొంతంగా ఫారాలు చేసుకుని, వీబీస్క్రిప్ట్ అనే చిన్న భాషలో వాటికి నియమాలు రాసుకునే వీలుంది. క్యాలెండర్‌లో మనం నింపిన ఒక్కో నమోదు ఒక్కో విడి వస్తువు. అందులో తేదీ, సమయం, మనం పెట్టుకున్న అదనపు గడుల విలువలు ఉంటాయి. దాంతోపాటు ‘నన్ను ఫలానా ఫారంతో తెరవండి’ అనే పేరు ఒకటి ఉంటుంది. ఫారం మాత్రం మామూలుగా అందులో ఉండదు. అది వేరే బీరువాలో ఉంటుంది. ఆ బీరువా ఒక్కొక్కరి సొంతం కావచ్చు, ఆ క్యాలెండర్ ఫోల్డర్‌కు చెందినది కావచ్చు, సంస్థ మొత్తానికీ చెందినది కావచ్చు. నమోదును తెరిచిన మెషిన్ ఆ పేరు పట్టుకుని వెతుకుతుంది. దొరికితే ఆ ఫారంలో చూపిస్తుంది. దొరక్కపోతే చాలాసార్లు ఫిర్యాదు చేయదు, గోల చేయదు, మామూలు క్యాలెండర్ ఫారంలో తెరిచి ఊరుకుంటుంది. అప్పుడు అదనపు గడులు కనబడవు, స్క్రిప్ట్ నడవదు, నోటీసు సంగతి అడిగేవాళ్ళుండరు. పైగా ఒకసారి దొరికిన ఫారం నకలును ప్రతి మెషిన్ తన దగ్గర దాచుకుంటుంది. బీరువాలో ఫారం మారినా పాత నకలు కొన్ని మెషిన్లలో అలాగే మిగిలిపోవచ్చు. ఒకే నమోదు ముగ్గురి దగ్గర మూడు రకాలుగా తెరుచుకోవడం వెనుక మాయమంత్రాలేమీ లేవు.

కాబట్టి స్క్రిప్ట్‌లో తప్పేముంది అని అడిగే ముందు అసలు స్క్రిప్ట్ నడిచిందా, ఎవరి మెషిన్‌లో నడిచింది అని అడగాలి. స్క్రిప్ట్ మొదట్లోనే ‘నేను నడిచాను’ అని చూపే ఒక చిన్న సందేశం పెట్టి, ముగ్గురి మెషిన్లలో తెరిచి చూస్తే సగం సంగతి తేలిపోతుంది. దీనికి ఎదురు పరీక్ష కూడా ఉంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని నమోదును తెరిస్తే స్క్రిప్ట్ నడవకుండా ఫారం తెరుచుకుంటుంది. అలా తెరిచినప్పుడూ, మామూలుగా తెరిచినప్పుడూ ప్రవర్తన ఒకేలా ఉంటే ఆ మెషిన్‌లో స్క్రిప్ట్ ఏనాడూ నడవడం లేదన్నమాట. వైద్యంలో మందు ఇచ్చిన వాళ్ళను, ఇవ్వని వాళ్ళను పోల్చి చూసే పద్ధతికి ఇది తమ్ముడి వరస.

నడవకపోవడానికి అతి సాధారణ కారణం భద్రత. 2000 మే 4న ‘ఐ లవ్ యూ’ అనే పేరుతో ఒక ఉత్తరం ప్రపంచమంతా తిరిగింది. దానికి జతచేసిన ఫైలు ప్రేమలేఖ కాదు, వీబీస్క్రిప్ట్. తెరిచిన వాళ్ళ ఔట్‌లుక్ చిరునామాల పుస్తకం లోంచి అందరికీ తనను తాను పంపుకుంది, దారిలో ఫైళ్ళను పాడుచేసింది. మన ఫారంలో నోటీసు గడిని తనిఖీ చేసే భాష, ఆ విధ్వంసం చేసిన భాష ఒకటే. ఆ ఏడాది నుంచి మైక్రోసాఫ్ట్ ఒక్కొక్క తలుపూ మూస్తూ వచ్చింది. ఇతరుల ఫోల్డర్లలో, అంటే సరిగ్గా మన ఉమ్మడి క్యాలెండర్ లాంటి చోట్ల, స్క్రిప్ట్ నడవాలంటే ఆ మెషిన్ భద్రతా అమరికల్లో ప్రత్యేకంగా అనుమతి టిక్కు పెట్టాలి. ఫారం నిర్వచనాన్ని నమోదు లోపలే మూటగట్టి పంపితే స్క్రిప్ట్ అసలు నడవదు. 2017 సెప్టెంబరు భద్రతా సవరణతో ప్రత్యేక ఫారాల స్క్రిప్ట్‌లన్నీ డిఫాల్ట్‌గా ఆగిపోయాయి. కావలసిన వాళ్ళు ప్రతి మెషిన్‌లోని విండోస్ రిజిస్ట్రీలో ఆ సౌకర్యాన్ని తెరిచి, నమ్మకమైన ఫారాల జాబితాలో తమ ఫారం పేరు రాసుకోవాలి. నిన్నటి దాకా పనిచేసిన ఫారం ఇవాళ్టి నుంచి పనిచేయకపోతే, ఒక్క అక్షరం కూడా మారని ఆ స్క్రిప్ట్‌ను రాత్రంతా చదివితే ఏం దొరుకుతుంది? రాసినవాడి మీద అనుమానం తప్ప మరేమీ దొరకదు.

అంత భయం అవసరమా, ఒక కార్యాలయంలో నలుగురు వాడుకునే ఫారానికి ఇన్ని తాళాలెందుకు అని అడిగేవాళ్ళున్నారు. కష్టపడి ఫారం చేసుకున్న వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ ఉమ్మడి క్యాలెండర్ అంటే ఏమిటో ఆలోచించండి. అందులో ఫారాలు పెట్టే అనుమతి ఉన్న ఏ ఒక్కరైనా పెట్టిన ఫారం, చదవడానికి తెరిచిన మిగతా అందరి మెషిన్లలో వాళ్ళ పేరుతో, వాళ్ళ అధికారాలతో నడుస్తుంది. ఆపరేటర్ పెట్టిన నాలుగు పంక్తులు తహసీల్దార్ మెషిన్‌లో తహసీల్దార్‌గా పనిచేస్తాయి. ఇది వేలిముద్ర అప్పు ఇవ్వడం లాంటిది. ఈ తాళాలు సబబే. నాకున్న అభ్యంతరం ఒక్కటే, తాళం వేసినప్పుడు ‘ఇక్కడ ఒక తనిఖీ జరగాల్సింది, జరగలేదు’ అని తెరిచినవాళ్ళకు చెప్పకపోవడం. మౌనంగా ఆగిపోయిన నియమం లేని నియమం కంటే ప్రమాదం. లేదని తెలిస్తే మనిషి కళ్ళతో చూసుకుంటాడు. ఉందని నమ్మితే చూడడం మానేస్తాడు.

స్క్రిప్ట్ నడుస్తూనే తప్పు చేసే సందర్భాలూ లేకపోలేదు. అక్కడ కూడా తప్పు ఎక్కువగా చోటుకు సంబంధించినదే. తేదీనే తీసుకోండి. మనం 03/04/2025 అని రాస్తే ఏప్రిల్ 3. అమెరికా అమరికతో ఉన్న మెషిన్‌లో అది మార్చి 4. వీబీస్క్రిప్ట్ అక్షరాల రూపంలో ఉన్న తేదీని చదివేటప్పుడు తను ఉన్న మెషిన్ అలవాటునే పాటిస్తుంది. అయితే 13/04/2025 ఇస్తే పదమూడో నెల లేదు కనుక తనే సర్దుకుని ఏప్రిల్ 13 అని సరిగ్గా చదువుతుంది. దీంతో ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్లో గడువులు తప్పుతాయి, పదమూడు నుంచి నెలాఖరు దాకా అంతా బాగుంటుంది. ఆ పన్నెండులో కూడా నాలుగో నెల నాలుగో తేదీ లాంటిది ఎలా చదివినా ఒకటే. లెక్కవేస్తే ఏడాదిలో తప్పయ్యే తేదీలు 132. ఇరవయ్యో తారీఖున వచ్చి పరీక్షించిన వాడికి ఏ లోపమూ కనబడదు, ‘మీ దగ్గరే ఏదో పొరపాటు’ అని వెళ్ళిపోతాడు. ఐదో తారీఖున మళ్ళీ మొదలవుతుంది. అప్పుడప్పుడూ వస్తుంది, దానంతటదే పోతుంది అని విసుక్కునే లోపాలను తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి చూడాలి. తప్పయినవన్నీ పన్నెండు లోపు తేదీలే అని కనబడగానే, స్క్రిప్ట్ చదవకుండానే, మార్చాల్సింది మెషిన్ తేదీ అమరికను అని తెలుస్తుంది. రోజంతా ఉండే నమోదులు ఒకరి దగ్గర ఒక రోజుగా, ఇంకొకరి దగ్గర రెండు రోజులుగా కనబడితే అదీ ఇలాంటిదే. మన అర్ధరాత్రి, ప్రామాణిక ప్రపంచ సమయంలో ముందురోజు సాయంత్రం 6.30. ఒక మెషిన్ టైమ్ జోన్ తప్పుగా ఉంటే రోజు మధ్యలోకి విరుగుతుంది.

ఇక మొదట చెప్పిన చుక్క దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు విషయం అక్కడ బాగా కనబడుతుంది. బోరంచలో ఒక రైతుకు రెండు తునకలున్నాయనుకుందాం. ఒకటి 1.20, రెండోది 0.30. చేతితో కూడే మనిషి ఇరవై, ముప్పై కలిపి యాభై గుంటలు, అందులో నలభై ఎకరం కిందికి పోతే పది మిగిలింది, మొత్తం రెండెకరాల పది గుంటలు అంటాడు, 2.10 అని రాస్తాడు. స్క్రిప్ట్ 1.50 అంటుంది. గుంటల లెక్కలో యాభై అనే అంకె చుక్క తర్వాత రానే రాకూడదు, కాబట్టి పహాణీ తెలిసిన వాడికి ఇది చూడగానే తప్పని తెలుస్తుంది. అంతకంటే నెమ్మదిగా కొరికేది ఇంకొకటుంది. ఆ గడిని ‘సంఖ్య’ అని నిర్ణయించి ఉంటే 1.20 సేవ్ కాగానే 1.2 అయిపోతుంది. గణితంలో ఆ సున్నాకు విలువ లేదు. సర్వేయర్ తన మెషిన్‌లో 1.2 అని చూసి ఎకరం రెండు గుంటలు అని చదువుకుంటాడు. పద్దెనిమిది గుంటలు ఎక్కడా ఎర్ర గీత లేకుండా, ఒక్క హెచ్చరిక లేకుండా పోయాయి. స్క్రిప్ట్ పంక్తులు ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు కనబడదు, కూడికలు కూడికలుగానే ఉన్నాయి. తప్పు గడి స్వభావంలో ఉంది. ఆ గడిని ఒకడు సంఖ్య అనుకున్నాడు, ఊరు దాన్ని రెండు సంఖ్యల జంట అనుకుంటోంది.

సర్వే నంబర్లదీ ఇదే కథ. పన్నెండు బై మూడు అనే నంబరును 12/3 అని కొడితే చాలా పట్టికల సాఫ్ట్‌వేర్లు దాన్ని తేదీగా మార్చేస్తాయి. మనూర్‌లోనే ఇలా జరుగుతుందని అనుకోనక్కరలేదు. జన్యు శాస్త్రవేత్తలు ‘సెప్ట్1’, ‘మార్చ్1’ అనే జన్యువుల పేర్లను ఎక్సెల్‌లో కొట్టినప్పుడు అవి సెప్టెంబరు ఒకటి, మార్చి ఒకటి అయిపోయేవి. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాలను పరిశీలిస్తే సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం చూపింది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. జన్యు శాస్త్రవేత్తలు పేరు మార్చుకుని సర్దుకోగలిగారు. నిజాం కాలం నుంచి నడుస్తున్న గుంటల లెక్కను, కోర్టు కాగితాల్లో, దస్తావేజుల్లో, సర్వే టిప్పన్లలో పాతుకుపోయిన రాతను ఒక ఫారం కోసం మార్చుకోమని రైతుకు చెప్పడం కుదరదు, చెప్పనూ కూడదు. ఇక్కడ మారాల్సింది గడే.

నియమాన్ని ఒక్కొక్కరి మెషిన్‌లో ఉంచితే ఇన్ని తంటాలైతే, దాన్ని అందరికీ ఒకటిగా ఉండే సర్వర్‌లో పెట్టేస్తే సరిపోదా అని అడగవచ్చు. చాలావరకు సరిపోతుంది, అలాగే చేయాలి కూడా. నోటీసు అందకుండా కొలత తేదీ ఇవ్వకూడదన్నది ఆపరేటర్ మెషిన్‌కు సంబంధించిన అలవాటు కాదు, ఆ కార్యాలయం మొత్తానికి నియమం. ఫోన్‌లోంచి రాసినా, వెబ్‌లోంచి రాసినా అది వర్తించాలి. ఫోన్‌లోనూ వెబ్‌లోనూ ఈ ఫారాలు కనబడనే కనబడవు కాబట్టి నియమం నమోదు దాచుకునే చోటే ఉండాలి. తెలంగాణ భూమి రికార్డుల విషయంలో జరిగింది ఇదే. 2020 అక్టోబరు 29న ధరణి అనే పోర్టల్ మొదలైంది. నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ కార్యాలయాల్లో, ముందుగా బుక్ చేసుకున్న స్లాట్ ప్రకారం జరిగాయి. స్లాట్ అంటే ఒక రకంగా రాష్ట్రమంతటికీ ఉమ్మడి క్యాలెండర్‌లో ఒక గడి. దాని ముందు ఒక ఫారం, దాని వెనుక నియమాలు. అమ్మేవారి పేరు మీద ఆ భూమి ఉందా, నిషేధిత జాబితాలో ఉందా అన్నది ఎవరి మెషిన్‌లోనో తేలదు, ఒకే చోట తేలుతుంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అయిపోయే వెసులుబాటు దాని వల్లే వచ్చింది.

అయితే ధరణి అనుభవమే ఈ వాదనకు గట్టి అభ్యంతరం కూడా. నియమం ఒకే చోట ఉంటే తప్పు కూడా ఒకే చోట నుంచి అందరికీ తగులుతుంది. పొరపాటున నిషేధిత జాబితాలోకి ఎక్కిన సర్వే నంబరుకు స్లాట్ దొరికేది కాదు. పక్కనే ఉండి ఆ భూమిని కళ్ళతో చూసిన అధికారికి దాన్ని సరిదిద్దే అధికారం ఉండేది కాదు. తొలి ఏళ్ళలో చాలా సవరణలు కలెక్టర్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2024 మార్చిలో ప్రత్యేక డ్రైవ్ పెట్టి కొన్ని అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైనప్పుడు అప్పీలు చేసుకునే అంచెలను చట్టంలోనే పెట్టారు. దీన్నిబట్టి మెషిన్‌లోని నియమం మంచిది, సర్వర్‌లోని నియమం చెడ్డది అని తేల్చడం తొందరపాటు. సర్వర్‌లో నియమం ఉన్నప్పుడు ఆగిపోవడం కనీసం అందరికీ కనిపిస్తుంది. ఎవరి మెషిన్ లోపమో వెతుక్కోనక్కరలేదు. అక్కడ కొరవడింది, ‘ఈ కారణంతో ఈ ఒక్క నమోదుకు ఈ నియమాన్ని సడలించాను’ అని క్షేత్రస్థాయి అధికారి సంతకంతో రాసే చోటు. ఉమ్మడి వ్యవస్థలో నియమంతో పాటు దాన్ని దాటే దారీ, దాటినట్టు రాసే గడీ ఉండాలి. లేకపోతే జనం ఎలాగూ దాటుతారు, రాయకుండా దాటుతారు.

ఇంకొక అభ్యంతరం రోజువారీ కార్యాలయాల నుంచి వస్తుంది. సర్వర్‌లో నియమం రాయించాలంటే జిల్లాకో, హైదరాబాద్‌కో ఉత్తరం రాసి ఎదురుచూడాలి. మా ఫారం మేమే ఒక మధ్యాహ్నంలో చేసుకున్నాం, అందరి మెషిన్లలో టిక్కు పెట్టుకుంటే నడుస్తుంది కదా అంటారు. ఆ చొరవ విలువైనది. కింద పనిచేసేవాళ్ళకు తెలిసినంతగా పైవాళ్ళకు గుంటల సంగతి తెలియదు. కానీ ఆ దారి మూసుకుపోతోంది. వీబీస్క్రిప్ట్‌ను విరమిస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. విండోస్‌లో అది ఇప్పుడు కావాలంటే ఉంచుకునే భాగం. ముందుముందు డిఫాల్ట్‌గా ఉండదు, ఆ తర్వాత పూర్తిగా తీసేస్తారు. కొత్త ఔట్‌లుక్‌లో ఈ ప్రత్యేక ఫారాలకు చోటే లేదు. టిక్కులు పెట్టుకుంటూ పోతే మిగిలేది కొన్నేళ్ళ వాయిదా. ఆ కొన్నేళ్ళను పనికొచ్చేలా వాడుకోవచ్చు. ఫారం వెనుక ఉన్న ఒక్కొక్క నియమాన్నీ మామూలు తెలుగులో ఒక రిజిస్టర్‌లో రాసుకోవాలి: విస్తీర్ణం ఎలా కూడాలి, గడువు ఏ తేదీ నుంచి లెక్కించాలి, నోటీసు లేకపోతే ఎవరు ఏ కారణంతో సడలించవచ్చు. స్క్రిప్ట్ చదవలేని సర్వేయర్ కూడా ఆ పేజీ చదివి ఇక్కడ తప్పుంది అని వేలు పెట్టి చూపగలగాలి. అప్పుడు దాన్ని ఏ భాషలో రాసినా, ఏ సర్వర్‌లో పెట్టినా పోయేదేమీ ఉండదు.

విస్తీర్ణం గడి విషయానికొస్తే, చుక్కను తీసేసి రెండు గడులు పెట్టాలి. మొదటిదాని పక్కన ‘ఎకరాలు’, రెండోదాని పక్కన ‘గుంటలు’ అని తెలుగులో రాయాలి. రెండో గడిలో ముప్పై తొమ్మిది దాటిన అంకెను సర్వర్ తీసుకోకూడదు. అరగుంట, పావుగుంట ఉన్న తునకల కోసం మూడో గడి కావాలా అన్నది బోరంచ సర్వేయర్‌ని అడిగి నిర్ణయించాలి.